22,400 డాలర్ల బొంగరం

ఇది రాస్తున్న సమయానికి నా కుడి తొడ మీద కొబ్బరినూనె ఉంది. నూనె కింద కంటికి కనపడని ఫైబర్‌గ్లాస్ నూగు ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచీ ఒకటే దురద. కాబట్టి మొదటి సంగతులు గబగబా చెప్పేస్తాను.

న్యూజెర్సీలో మనస్క్వాన్ ఇన్‌లెట్ దగ్గర బోట్లు కట్టేసుకునే ఒక మెరీనాలో నాకో చేపల బోటుంది. 28 అడుగులు, 1998 నాటిది. మూడేళ్ల కిందట ఒక పెద్దాయన దగ్గర 19,000 డాలర్లకి కొన్నాను. కొనేముందు బోట్లని తనిఖీ చేసే సర్వేయర్ని పిలిపించి చూపించుకోమని తెలిసినవాళ్లందరూ చెప్పారు. ఆయన అడుగుకి 25 డాలర్లన్నాడు. 28 పాతికలు 700. చిన్న సుత్తితో బోటంతా టకటకా కొట్టుకుంటూ పోయి, మోత బాగుందో మొద్దుగా ఉందో చెప్పడానికి 700 డాలర్లా అని, కుండలు కొనేటప్పుడు మా అమ్మమ్మ చూసిన పద్ధతిలో నేనే వంటింటి గరిటెతో కొట్టి చూసుకుని కొనేశాను. డెక్కు మీద ఒకచోట కాలికి మెత్తగా తగిలింది. "చూశావా, నడుస్తుంటే ఎంత హాయిగా ఉందో" అని మా ఆవిడతో అన్నాను కూడా.

వేసవిలో ఫ్లూక్ పట్టడానికి వెళ్తాం. అడుగున ఇసుకలో అప్పడంలా పరుచుకుని ఉండే చేప అది. దాన్ని పట్టాలంటే ఇంజను ఆపేసి బోటుని గాలికీ ప్రవాహానికీ వదిలేయాలి. అలా వదిలేసిన బోటు బుద్ధిగా ఉండదు, మొండి దున్నలా అలలకి అడ్డం తిరుగుతుంది. ఇక ఉయ్యాలే. నాలుగు గంటలు ఊగి, 18 అంగుళాలకి అరంగుళం తక్కువొచ్చిన చేపని రూలు ప్రకారం సముద్రంలో వదిలేసి, పొద్దున తిన్న ఇడ్లీని దాని వెనకే వదిలేసి రావడం మా ఆదివారం కార్యక్రమం.

ఆ ఇడ్లీల్లో ఎక్కువ భాగం మా తోడల్లుడివి. వాంతి చేసుకున్నవాడు ఇంటికెళ్లి పడుకోవాలి కదా. పడుకోలేదు, వీడియోలు చూశాడు. రాత్రి పదకొండింటికి ఫోను. "అన్నయ్యా, గైరో స్టెబిలైజరని ఉందట. బోట్లో పెడితే టేబుల్ మీద గ్లాసులో నీళ్లు కూడా కదలవట."

మా నాన్న అప్పటికి మా ఇంట్లోనే ఉన్నారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. ఆర్నెల్ల వీసా మీద వచ్చి, పాఠం చెప్పడానికి ఎవరూ దొరక్క నాలుగు నెలలుగా ఇబ్బంది పడుతున్నారు. అలాంటాయనకి గైరో దొరికింది. గాలి తీసేసిన గోళంలో ఒక బరువైన చక్రం, నిమిషానికి తొమ్మిది వేల చుట్లకి పైగా తిరుగుతుందని, బోటు పక్కకి ఒరగబోతే ఆ చక్రం ముందుకో వెనక్కో వాలుతుందని, ఆ వాలడంలో పుట్టే బలమే బోటుని మళ్లీ నిటారుగా నిలబెడుతుందని ఇడ్లీ ప్లేటు తిప్పి చూపించారు. "ఇంత చేసీ ఏంట్రా ఇది? బొంగరం!" అన్నారు. 1932లో కాంటే ది సవోయా అనే ఇటలీ ఓడలో ఇలాంటి బొంగరాలు మూడు పెట్టారట, ఒక్కొక్కటీ వంద టన్నుల పైచిలుకు. అది మా ఆవిడకి రెండుసార్లు చెప్పారు.

ముందూ వెనకా ఎగిరిపడటాన్ని ఈ బొంగరం ఆపదు. పక్కలకి ఊగడమే తగ్గిస్తుంది. అదీ స్విచ్చి వేసిన వెంటనే కాదు, అరగంటో ముప్పావుగంటో తిరిగి ఊపందుకున్నాక. మా తోడల్లుడు ఇరవై నిమిషాల్లోనే మొదలెడతాడు. ఈ లెక్క నేను అప్పుడే వేసుకుని ఉండాల్సింది.

ధర సంగతి. అమ్మేవాళ్ల దగ్గర ధర అనేది ఉండదు, "ఇంత నుంచి మొదలు" అని ఉంటుంది. మొదలు ఎక్కడో చెబుతారు, చివర ఎక్కడో చెప్పమంటే మాత్రం "మీ బోటుని బట్టి" అంటారు. మా పెళ్లిలో పందిరి వేసినవాడు కూడా ఇలాగే చెప్పాడు. మా బోటుకి మొదలు 22,400. అంటే బోటు కంటే బొంగరం ఖరీదు. "గుర్రం కన్నా జీను ఖరీదు కదండీ" అంది మా ఆవిడ. ఎనిమిది డాలర్ల మాత్ర వేసుకుంటే తోడల్లుడి సమస్య తీరుతుందని కూడా అంది. ఈ రెండు మాటలూ నేను విననట్టు ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో నాకిప్పటికీ తెలీదు.

కంపెనీవాడు వచ్చి చూస్తానన్నాడు. ఏ సైజు యంత్రం కావాలో తేలాలంటే ముందు బోటు ఊగే వేగం కొలవాలట. ఒకసారి అటూ ఇటూ ఊగి మొదటికి రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడాలి. "మీరు నలుగురైదుగురు మనుషుల్ని పిలవండి చాలు" అన్నాడు.

"డోలనావర్తన కాలం!" అన్నారు నాన్న. ఆయన ముఖంలో అంత వెలుగు విమానం దిగినప్పుడు కూడా చూడలేదు.

నిన్న మధ్యాహ్నం పన్నెండున్నర. మెరీనాలో ఆదివారం జనం. బోటు కట్టిన తాళ్లు వదులు చేశాం. కంపెనీవాడు గట్టు మీద నిలబడి పద్ధతి చెప్పాడు. అందరూ ఒకే వరసలో నిలబడాలి. ఒక్కసారిగా ఎడమ వైపుకి వెళ్లాలి, ఒక్కసారిగా కుడి వైపుకి రావాలి. బోటు బాగా ఊగడం మొదలయ్యాక మధ్యలో కదలకుండా నిలబడిపోవాలి. అప్పుడు వాడు స్టాప్‌వాచ్ నొక్కుతాడు.

నేను, మా ఆవిడ, మరదలు, తోడల్లుడు, నాన్న. ఐదుగురం. "ఎడమ! కుడి! ఎడమ!" అని వాడు అరుస్తున్నాడు. మేం అరిటిపళ్ల గెలలా ఒకరినొకరు పట్టుకుని అటూ ఇటూ పోతున్నాం. మా మరదలు చిన్నప్పుడు కోలాటం నేర్చుకుంది, అడుగు తప్పినప్పుడల్లా మమ్మల్ని సరిదిద్దుతోంది. తోడల్లుడికి ఎడమంటే ఏదో మధ్యలో ఒకసారి సందేహం వచ్చి మాకు ఎదురొచ్చాడు. పక్క బోట్లో మడతకుర్చీ వేసుకున్న ముసలాయన శాండ్‌విచ్ తినడం మానేసి చూస్తున్నాడు. ఒక చిన్నపిల్ల వాళ్ల నాన్నని "ఇది వాళ్ల పండగా?" అని అడగడం నాకు స్పష్టంగా వినపడింది. ఆయన "అయ్యుంటుంది, నవ్వకూడదు" అన్నాడు. ఆ మర్యాదకి నేను సగం చచ్చాను.

మిగతా సగం ఆ తర్వాత.

"కుడి!" అన్నాడు వాడు. నేను కుడి కాలు వేశాను. డెక్కు మీద, ఆ మెత్తటి చోట, మూడేళ్లుగా నేను హాయి అనుకుంటున్న చోట. టప్‌మని కూడా అనలేదు. తడిసిన బిస్కెట్టు టీలో జారిపోయినట్టు, కాలు తొడ దాకా లోపలికి దిగిపోయింది.

పాత బోటు డెక్కు పైనా కిందా పల్చటి ఫైబర్‌గ్లాసు, మధ్యలో చెక్క. ఎవడో మహానుభావుడు సీలెంటు పెట్టకుండా మేకు బిగిస్తే ఆ చిల్లులోంచి చుక్కచుక్కగా నీళ్లు దిగి చెక్క లోపల్లోపలే కుళ్లుతుంది, పైకి మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ మహానుభావుణ్ని నేను చాలాసేపు తిట్టుకున్నాను. పాత ఓనరే అయ్యుంటాడు. నాన్న కూర్చోవడానికని పోయినేడు అక్కడ కుర్చీ బిగించింది నేనే గానీ, నా మేకులు నాలుగే.

పైకి లాగితే రావడం లేదు. పగిలిన అంచులు కిందికి వంగి ఉన్నాయి, లాగినకొద్దీ గుచ్చుకుంటున్నాయి. వెదురు బుట్టలోకి చేప దూరడం సులువు, బయటపడటమే కష్టం. ఇన్నేళ్లుగా చేపలకి పెట్టిన తిప్పలన్నీ ఒక కాలితో చెల్లించుకుంటున్నాను. ఎడమ కాలు మోకాలి దగ్గర మడిచి డెక్కు మీద, కుడి కాలు పాతాళంలో, చేతులు రెండు వైపులా చాపి. భరతనాట్యంలో ఈ భంగిమకి పేరుండే ఉంటుంది. కింద పాదానికి చల్లగా ఏదో తగులుతోంది. బోటు అడుగున చేరే బిల్జ్ నీళ్లని నాకు తెలుసు, ఇంకేదైనా అయ్యుంటుందేమో అన్న ఊహ మాత్రం ఆగలేదు.

అందరూ పరిగెత్తుకొచ్చారనుకుంటున్నారా? మా ఆవిడ వచ్చింది. తోడల్లుడు "మళ్లీ మొదటినుంచా అన్నయ్యా?" అన్నాడు.

నాన్న వాచీ చూసుకున్నారు. "రెండు పాయింటు ఏడు సెకన్లు. కానీ ఒక్క రీడింగు పనికిరాదు. కనీసం మూడు తీసి సగటు చూడాలి." తర్వాత నా వైపు చూసి కాస్త ఆలోచించి, "వీడి కాలు కిందికి దిగింది కదా, గరిమనాభి మారిపోయింది. ఈ రీడింగు కూడా కొట్టేయాలి" అన్నారు.

ఇంతలో కంపెనీవాడు బోటెక్కాడు. చెయ్యి ఇస్తాడేమో అనుకుని నా చెయ్యి చాపాను. వాడు నా పక్కన బోర్లా పడుకుని, నా తొడకీ డెక్కుకీ మధ్య సందులోంచి టార్చి వేసి లోపలికి చూడటం మొదలెట్టాడు. "మంచిదే అయింది సార్. కింద స్ట్రింగర్లు ఎలా ఉన్నాయో చూడాలంటే మేం ఎలాగూ ఇక్కడే కొయ్యాలి" అన్నాడు. స్ట్రింగర్లంటే బోటు అడుగున పొడుగ్గా వెళ్లే దూలాలు. రెండు క్వింటాళ్ల దాకా తూగే బొంగరం వాటి మీదే కూర్చోవాలి, బోటుని నెట్టే బలమంతా వాటి మీదే పడాలి. "మీ కాలు కొంచెం ఎడమకి జరుపుతారా, ఫోటోకి అడ్డం వస్తోంది" అన్నాడు. జరిపాను! ఎందుకు జరిపానని అడక్కండి. మొహమాటం మనిషిని ఎంతకైనా దిగజారుస్తుంది. తర్వాత టేపు ఒక కొస నా చేతికిచ్చి మోకాలి దగ్గర పట్టుకోమన్నాడు. అదీ పట్టుకున్నాను. వాడు ఫోన్లో నోట్ చేసుకుంటుంటే "చెక్క పోయింది, ఇదీ పోయింది, ఇది సగం పోయింది" అని గొణుక్కోవడం వినపడుతోంది. మా ఊళ్లో పన్ను పీకే డాక్టరు గుర్తొచ్చాడు.

పక్క బోటు ముసలాయన శాండ్‌విచ్ కింద పెట్టి, మాటామంతీ లేకుండా చిన్న రంపం తెచ్చాడు. ఈ మొత్తం వ్యవహారంలో మనిషిలా ప్రవర్తించింది ఆయనొక్కడే. ఐదు నిమిషాల్లో అంచులు కోసి నన్ను బయటికి లాగాడు. చెప్పు రాలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది. "ఎంతకి కొన్నావు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఇవాళ పొద్దున్నే ఈమెయిల్లో కొటేషన్ వచ్చింది. యంత్రం 22,400. స్ట్రింగర్లు తీసి కొత్తవి వెయ్యడం 13,500. డెక్కు 6,800. బ్యాటరీలు, వైరింగు, చల్లబరచడానికి సముద్రపు నీటి పైపులు 4,100. మొత్తం 46,800, పన్నులు అదనం. అడుగున ఒక ప్రత్యేక తగ్గింపు కూడా చూపించారు: "తనిఖీ రంధ్రం, కస్టమరే ఏర్పాటు చేసుకున్నందున, 150 డాలర్లు తగ్గింపు."

నాన్న ఆ కాగితం రెండుసార్లు చదివారు. "ఒక్క రీడింగు మీద ఇంత లెక్క ఎలా వేశాడ్రా వీడు?" అన్నారు.

ఫోను మోగుతోంది. తోడల్లుడు. ఎత్తలేదు. మెసేజ్ పెట్టాడు: "అన్నయ్యా, బోటుకి రెక్కలు పెడితే కూడా ఊగదట, వీడియో పంపిస్తున్నా."

గోకితే ఎక్కువవుతుందని అంటారు. గోకుతున్నాను.