సవరణ: పైకి వెళ్లేకొద్దీ చలేనా?

వాతావరణ పొరల మీద ఇంతకుముందు రాసిన పోస్టులో "కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతూనే పోతుంది" అన్నాం. తప్పు. ఆ లెక్క నేలను ఆనుకుని ఉండే మొదటి పొరకే, అంటే ట్రోపో ఆవరణానికే, అదీ సగటున. భూమధ్యరేఖ దగ్గర ఆ పొర సుమారు 16–18 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 8–9 కిలోమీటర్లే. ఆపైన స్ట్రాటో ఆవరణంలో ఓజోన్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది కాబట్టి వేడి మళ్లీ పెరిగి, 50 కిలోమీటర్ల దగ్గర ఉష్ణోగ్రత దాదాపు సున్నా డిగ్రీలకు చేరుతుంది.

కింద కూడా ఆ సగటును గుడ్డిగా నమ్మకూడదు. మబ్బు, గాలి లేని చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లారి, దాన్ని ఆనుకున్న గాలి పైగాలికన్నా చల్లబడుతుంది. అందుకే తెల్లవారుజామున పొగ కాస్త లేచి, పైనున్న వెచ్చటి గాలి మూతలా తగిలి, అడ్డంగా పరుచుకుంటుంది.