తుపాకుల మోత ఇచ్చిన ధైర్యం

శత్రు విమానాన్ని కూల్చలేని తుపాకి దండగేనా? దండగ కాదనే మా అభిప్రాయం. అయితే ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టవుతుంది, ఎందుకంటే రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ జనానికి ధైర్యమిచ్చిన అలాంటి మోతే రెండున్నరేళ్ల తర్వాత ఒక రాత్రి 173 మంది చావుకు కారణమైంది.

1940 సెప్టెంబరు 7న జర్మన్ బాంబర్లు లండన్ మీద విరుచుకుపడ్డాయి. మొదటి మూడు రాత్రులు పైన విమానాల రొద, కింద బాంబుల పేలుళ్లు, తమవైపు తుపాకులు మాత్రం ఎక్కడో ఒకటీ అరా తప్ప మోగలేదు. మనల్ని గాలికొదిలేశారా అని జనం కుంగిపోయారు. చీకట్లో విమానం ఎక్కడుందో చెప్పడానికి అప్పటికి ఎక్కువగా శబ్దాన్ని బట్టి దిక్కు పట్టే యంత్రాలే ఆధారం, గురి లెక్క తేలందే కాల్చకూడదన్నది పద్ధతి. విమాన విధ్వంసక దళాల అధిపతి జనరల్ ఫ్రెడరిక్ పైల్ వేరే ఊళ్ల నుంచి తుపాకులు లాక్కొచ్చి రెండు రోజుల్లో లండన్ బలాన్ని రెట్టింపు చేశారు. 11వ తేదీ రాత్రి గురి కుదిరినా కుదరకపోయినా కాల్చమన్నారు. ఆ ఒక్క రాత్రే 13 వేలకు పైగా షెల్స్ (పేలుడు గుండ్లు) ఆకాశంలోకి వెళ్లాయి. నిద్ర ఎవరికీ లేదు, కానీ తెల్లారేసరికి ఊరి మొహం మారిపోయింది. మనవాళ్లూ తిరగబడుతున్నారన్న నమ్మకం చాలింది.

మరి కూలినవెన్ని? చాలా తక్కువ. ఆ నెలలో ఒక్కో విమానాన్ని కూల్చడానికి సుమారు 30 వేల షెల్స్ ఖర్చయ్యాయి. షెల్ అంత ఎత్తుకు చేరడానికి 20 సెకన్లకు పైనే పడుతుంది, ఈలోగా విమానం దాదాపు రెండు కిలోమీటర్లు జరిగిపోతుంది, పైగా ఎన్ని సెకన్లకు పేలాలో కాల్చకముందే షెల్‌ను పేల్చే పరికరమైన ఫ్యూజులో నిర్ణయించేయాలి. పేలిన షెల్ ముక్కలు మళ్లీ ఊరి మీదే, ఇళ్ల కప్పుల మీదే పడ్డాయి. శివారు కౌన్సిల్ ఒకటైతే ఈ అదురుకు ఇళ్లల్లో మరుగుదొడ్ల పింగాణీ పగిలిపోతోంది, తుపాకులు వేరేచోటికి మార్చండని పైల్‌కు ఉత్తరం రాసింది.

అయినా ఆ ఖర్చు వృథా అని మేము అనం. మోత పెరిగేకొద్దీ బాంబర్లు ఇంకా పైకెక్కాయి, కొన్ని వెనక్కి మళ్లాయి. రాత్రంతా బాంబుల కింద బతికి పొద్దున్నే మళ్లీ ఫ్యాక్టరీకి వెళ్లే మనిషి గుండె నిబ్బరం కూడా యుద్ధ సామగ్రే. ఆ మోత కొన్ని నెలల గడువు కూడా ఇచ్చింది. గురి చెప్పే రాడార్ మెరుగుపడి 1941 మొదట్లో విమానానికి 4 వేల షెల్స్ స్థాయికి దిగింది. 1944లో పైలట్ లేని వీ-1 బాంబులు వచ్చినప్పుడు తుపాకులను సముద్ర తీరానికి తరలించి, కొత్త రాడార్, లక్ష్యం దగ్గర పడగానే దానంతటదే పేలే ఫ్యూజు జోడించారు. ఆగస్టు 28న వచ్చిన 90కి పైగా వీ-1లలో లండన్ చేరినవి 4.

అసలు తుపాకే లేకపోతే ఎలా ఉంటుందో విశాఖకు తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. చెప్పుకోదగ్గ గగనతల రక్షణ లేని ఊళ్లవి. పిల్లాజెల్లా, మూటాముల్లెతో జనం పల్లెలకు పరుగుతీశారు. ఆనాడు పేలకుండా మిగిలిన ఒక బాంబు ఇప్పటికీ బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది, చూడనివాళ్లు ఒకసారి వెళ్లి చూడండి.

ఇక ఆ 173 మంది సంగతి. 1943 మార్చి 3 రాత్రి లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో సైరన్ మోగింది. జనం అలవాటు ప్రకారం భూగర్భ రైల్వే స్టేషన్‌లోకి దిగుతున్నారు. పది నిమిషాలకు పక్కనే ఉన్న విక్టోరియా పార్కులో కొత్త రకం విమాన విధ్వంసక రాకెట్లు పేల్చారు. ఆ చప్పుడు జనం ఎప్పుడూ విన్నది కాదు, తమవేనని ఎవరూ ముందు చెప్పలేదు. బాంబులనుకుని ఒక్కసారిగా తోసుకొచ్చారు. తడిసిన మెట్లు, గుడ్డి దీపం, మధ్యలో పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. కింద బిడ్డతో ఉన్న ఒక తల్లి జారిపడింది, ఆమె మీద వెనకవాళ్లు, వాళ్ల మీద ఇంకా వెనకవాళ్లు. చనిపోయిన వాళ్లలో 62 మంది పిల్లలు. ఆ రాత్రి అక్కడ ఒక్క బాంబూ పడలేదు. ఆ ప్రవేశద్వారం సరిచేయాలని స్థానిక కౌన్సిల్ అంతకుముందే అడిగినా పై అధికారులు ఒప్పుకోలేదు, విచారణ నివేదికను 1945 దాకా బయటపెట్టలేదు. రెయిలింగులు మాత్రం ఆ తర్వాత వేశారు.

ఇప్పుడెందుకీ పాత కథ అంటే, 2025 మేలో పాకిస్తాన్ డ్రోన్లను మన రక్షణ వ్యవస్థలు అడ్డుకున్నప్పుడు దేశమంతా గుండెల మీద చెయ్యేసుకుంది. హైదరాబాద్‌లో తయారయ్యే ఆకాశ్ క్షిపణి కూడా అందులో పనిచేసిందంటే మనకు గర్వమే, ఆ గర్వం న్యాయమైనదే. కానీ అదే నెల 7న హైదరాబాద్‌లో, విశాఖలో మాక్ డ్రిల్ సైరన్లు మోగినప్పుడు నిజంగా దాడి జరిగితే ఎక్కడికి వెళ్లాలో ఎంతమందికి తెలుసు? మన వీధిలో ఏ భవనం సెల్లారు సురక్షితం, దాని మెట్లు ఎంత వెడల్పు, కరెంటు పోతే అక్కడ దీపం ఉంటుందా, ఏ మోత మనది, ఏది శత్రువుది? క్షిపణులకు వేల కోట్లు పెడుతున్నాం, పెట్టాల్సిందే. ఈ వివరాలు వార్డువారీగా రాసి ప్రతి ఇంటికీ పంచడానికి మున్సిపల్ కార్పొరేషన్లకు అయ్యే ఖర్చు కాగితం, సిరా. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలని, మొదట విశాఖ పాతపట్నం ఇరుకు సందుల నుంచే మొదలుపెట్టాలని మేము కోరుతున్నాం.