కమ్యూనిటీ సర్వీస్ లాగ్ బుక్ గారికి, దత్తత గ్రామం నుంచి

శ్రీయుత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ లాగ్ బుక్ గారికి,

అనంతపురం జిల్లాలో కాలేజీలు దత్తత తీసుకున్న ఒక గ్రామం నుంచి నమస్కారాలు.

ఎండలు ముదిరాయి. అంటే తమరు మా ఊరికి వేంచేసే కాలం దగ్గరపడింది. డిగ్రీ పిల్లలు ఊళ్లో చేసిన సర్వే, సేవ రోజువారీగా రాసుకునే పుస్తకం తమరు. వాళ్లకు రెండో సెమిస్టర్ పరీక్షలు అయిపోతూనే వాళ్ల చంకనెక్కి బయల్దేరతారు. వచ్చాక అడిగేది తమరు, చెప్పేది మేము. మేము అడిగే వీలుండదు. అందుకే ముందుగా ఈ ఉత్తరం.

నేనెవరంటారా? తమ సర్వే ఫారంలో ‘కుటుంబ యజమాని’ గడిలో ఉంటాను. చదువు ఇంటర్. వృత్తి వ్యవసాయం. ఐదెకరాల మెట్ట, ఒక బోరు, ఆ బోరులో అప్పుడప్పుడు నీళ్లు. ఇవన్నీ తమకు ఏటా చెబుతూనే ఉన్నాను. తమకు గుర్తుండదని తెలుసు గనుక మళ్లీ చెప్పాను.

తమరి వంశం చిన్నదేమీ కాదు. కాలేజీలో చేరబోయే ప్రతి పిల్లాడూ ముందు తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా దేశసేవ చేసి తీరాలని 1959లోనే సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ సిఫారసు చేసింది. నిర్బంధంగా చేయించే సేవ ఏం సేవని ఇంకొందరు పెద్దలు అన్నారు. కొన్నేళ్లు ఆ చర్చ నడిచి, ఆఖరికి గాంధీగారి శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావుగారు జాతీయ సేవా పథకం, అంటే ఎన్ఎస్ఎస్‌ను ప్రారంభించారు. 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది పిల్లలు. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు. ‘నేను కాదు, నువ్వు’ అన్నది వాళ్ల నినాదం. మా ఊరి క్యాంపులో పార ఎవరు పట్టుకోవాలన్న మాట వచ్చినప్పుడు పిల్లలు ఆ నినాదాన్ని అక్షరాలా పాటించడం మేము కళ్లారా చూశాం.

అయినా మీ పెద్దాయన ఎన్ఎస్ఎస్ మీద నాకు కోపం లేదు. ఆయన పంపిన పిల్లలు బడిలో పడుకునేవాళ్లు, పొద్దున్నే లేచి చెరువుకట్ట మీది కంపచెట్లు కొట్టేవాళ్లు, సాయంత్రం మా పిల్లలతో కబడ్డీ ఆడేవాళ్లు. మొదళ్లు తవ్వకుండా పైపైన కొట్టిన కంప ఒక్క వానకే మళ్లీ చిగురించేది. మరుసటేడు క్యాంపుకు కొట్టడానికి అదే కంప సిద్ధంగా ఉండేది. జాతీయ సేవలో ఇన్నేళ్లు విరామం లేకుండా పాల్గొన్నందుకు ఆ కంపకు ఒక సర్టిఫికెట్ రావాల్సింది.

తమరి తీరు వేరు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీ చదువుల ప్రణాళిక మార్చినప్పుడు తమరు పుట్టారు. 180 గంటల సేవ, డిగ్రీ లెక్కలో దానికి నాలుగు క్రెడిట్లు. ఇందులో ‘నేను కాదు, నువ్వు’ లేదు. చేయకపోతే డిగ్రీ లేదు. అంటే దేశ్‌ముఖ్‌గారి మాటే ఇన్నేళ్లకు మార్కుల దారిలో నెగ్గినట్టు. నెగ్గనివ్వండి. పట్నం పిల్లలు ఊరు చూడాలన్న ఆలోచన చెడ్డదని నేననను. నాకు తకరారు తమ గడులతోనే.

‘నెలసరి ఆదాయం’ అన్న గడి ఉంది చూడండి. పోయిన తూరి వచ్చిన అబ్బాయి మా అరుగు మీద కూర్చుని అడిగాడు, “అన్నా, మీ నెల ఆదాయం ఎంత?” నెలకు రాదు నాయనా అన్నాను. మాది శెనక్కాయ. జూన్, జూలైల్లో వాన పడితే విత్తుతాం. ఆగస్టులో వాన మొహం చాటేస్తే ఊడలు దిగవు, దిగినా కాయ నిండదు. నిండితే అక్టోబర్, నవంబర్‌లో పీకుతాం. అప్పుడు వచ్చేది విత్తనాల అప్పుకు, మందుల అంగడికి, ట్రాక్టరు బాడుగకు పోగా మిగిలితే అది ఆదాయం. ఒక్కో ఏడు ఆ పంటలో మిగిలేది పశువులకు మేతే. ఇదంతా విన్నాడు పాపం, బుద్ధిగా తలూపాడు. తర్వాత ఫారం వైపు చూసి, “అంటే ఎంత రాయమంటావన్నా? ఇక్కడ అంకె వేయాల” అన్నాడు. నువ్వే ఏదో ఒకటి వెయ్యి అన్నాను. పదివేలు వేశాడు. పక్కింట్లోనూ పదివేలే. వీధి మొత్తానికీ పదివేలే. మా ఊళ్లో హెచ్చుతగ్గులు లేని సమసమాజాన్ని ఒక్క మధ్యాహ్నంలో తెచ్చిన ఘనత తమది.

అటు తర్వాత మరుగుదొడ్డి గడి. ఉందా? ఉంది. 2014 తర్వాత స్వచ్ఛ భారత్ కింద కట్టిందే. వాడుతున్నారా? ఆ ప్రశ్నకు తమ దగ్గర ‘అవును’, ‘కాదు’ అని రెండే గడులు. కొళాయిలో నీళ్లు వచ్చిన రోజు వాడతాం, రాని రోజు అందులో పొయ్యి కట్టెలు పెట్టుకుంటాం అన్న జవాబుకు గడి లేదు.

నీళ్లంటే గుర్తొచ్చింది. తమరి రెండో అంకం అవగాహన కార్యక్రమం. మే నెల, మిట్టమధ్యాహ్నం, నలభై రెండు డిగ్రీలు. పిల్లలు అట్టలు పట్టుకుని ‘నీటిని పొదుపుగా వాడండి’ అని వీధుల్లో తిరిగారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, రోజు మార్చి రోజు కొళాయి వచ్చే ఊళ్లో, నీటి పొదుపు గురించి! మా ఇంటామె వాళ్లను లోపలికి పిలిచి తలా ఒక చెంబు మజ్జిగ ఇచ్చింది. స్నానం నీళ్లు కరివేపాకు చెట్టుకు ఎలా పోతాయో, బియ్యం కడిగిన నీళ్లు బర్రె కుడితిలోకి ఎలా పోతాయో, గిన్నెలు తోమిన నీళ్లతో గుమ్మం ముందర ఎలా చల్లుతామో చూపించింది. ఒక పిల్ల నోరు తెరిచి చూసింది. ఆ రోజు తమరి ‘లెర్నింగ్ అవుట్‌కమ్’ గడిలో, అంటే పిల్లలు ఏం నేర్చుకున్నారో రాయాల్సిన చోట, ఏం రాశారో తెలుసా? ‘గ్రామస్తులకు నీటి విలువ తెలియజేశాము.’ ఇంగ్లీషులో రాశారు, పక్కింటి పిల్లోడు చదివి చెప్పాడు. మజ్జిగ సంగతి ఎక్కడా లేదు.

ఆ పక్కింటి పిల్లోడి కథ కూడా తమరే వినాలి, ఎందుకంటే అది తమరి కథే. వాడూ డిగ్రీనే, వాడికీ తమరే గతి. సొంతూరే ఇచ్చారు గనుక సర్వే ఇంటి నుంచే మొదలుపెట్టాడు. “అమ్మా, నీ నెలసరి ఆదాయం ఎంత?” ఆమె రొట్టె తట్టడం ఆపకుండానే, “నీ ఫీజు పోగా ఎంత మిగిలిందో నీకు తెల్దా?” అంది. వాడు ఆ గడి వదిలేసి, మరుసటి వారమే బెంగళూరు బస్సెక్కాడు. ఎండాకాలం అక్కడ పెళ్లిళ్లలో క్యాటరింగ్ పనికి పిల్లలు కావాలి. ఆ డబ్బుతోనే వాడు వచ్చే ఏడు చదవాలి. జీతం లేని 180 గంటలు ఇచ్చే స్తోమత ఇంట్లో అన్నం నిశ్చింతగా దొరికే పిల్లలకు ఉంటుంది. మా పిల్లలకు తమరు రాత్రి పన్నెండు తర్వాత, ఎంగిలి ప్లేట్లు తీశాక, ఫోన్‌లో స్నేహితుడు చెబుతుంటే నిండుతారు. ఒకరోజు నీలి సిరా, ఒకరోజు నల్ల సిరా. ఒకే రాత్రి రాసినట్టు కనబడకూడదు కదా. వాళ్ల సారు చేతిలో ముప్పై, నలభై మంది పిల్లలు. ఆయన మటుకు ఒకే పెన్నుతో, ఒకే కూర్చోవడంలో అన్ని తేదీలకూ సంతకాలు పెట్టేస్తాడు. ఆయన్నూ తప్పు పట్టను. ఆయనకూ పైనుంచి గడులున్నాయి.

రాసే ఓపిక కూడా లేనివాళ్లకు పట్నంలో జిరాక్స్ అంగడి ఉండనే ఉంది. పేరు, ఊరు, రోల్ నంబరు మారిస్తే రిపోర్టు తయారు, స్పైరల్ బైండింగుతో సహా. మా ఊరి మీద తయారైన ఒక రిపోర్టు పక్కింటి పిల్లోడు తెచ్చి చూపించాడు. అందులో మా ఊరు పచ్చని వరిచేలతో, నిండుగా పారే కాలువలతో, కొబ్బరి తోటలతో కళకళలాడుతోంది. కోస్తా పిల్లవాడు ఎవరో రాసుకున్నది మా పేరు మీదకు వచ్చిందన్నమాట. హంద్రీ-నీవా కాలువ కోసం ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్నాం. ఆ నీళ్లు మా పొలానికి రాకముందే జిరాక్స్ అంగడివాళ్లు గోదావరిని తెచ్చి ఇచ్చారు.

మా వీధి చివర మర్రిచెట్టు కింద కూర్చునే అవ్వ ఒకామె ఉంది. ఏటా ఎవరో ఒకరు ఆమెను అడుగుతారు. సచివాలయం వాళ్లు, బ్యాంకు వాళ్లు, ఎన్నికల ముందు పార్టీల వాళ్లు, ఎండాకాలం తమరు. పోయినేడు తమరిని తెరవగానే ఆమె అంది, “ఏమప్పా, పోయిన తూరి వచ్చినోళ్లకి అంతా చెప్పింటి గదా. అది యాడ పారేసినారు?” పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. నాకు కావలసిన ప్రశ్న అదే. మా దొడ్లు, మా అప్పులు, మా చదువులు, మా రోగాలు ఇన్నేళ్లుగా రాసుకుపోతున్నారు. ఒక్క కాగితం వెనక్కి రాలేదు. ఒక్క కాలేజీ వచ్చి, ‘మీ ఊళ్లో ఇంతమంది పిల్లలు బడి మానేశారని తేలింది, ఏం చేద్దాం’ అని అడగలేదు. పిల్లలు మాకు సేవ చేస్తున్నారని తమరి మొదటి పేజీలో ఉంటుంది. లెక్క తీస్తే మేమే కాలేజీకి సేవ చేస్తున్నాం. జవాబులు మావి, అరుగు మాది, మజ్జిగ మాది, ఫొటోలో ముఖాలు మావి. క్రెడిట్లు నాలుగూ వాళ్లవి.

అందరినీ ఒకే గాటన కట్టను. ఆ జట్టులోనే ఒక అమ్మాయి ఉంది. ఆ అవ్వకు పింఛను రాదని విని ఎందుకని అడిగింది. ఆధార్ కార్డులో వయసు తక్కువ పడింది. అరవై నిండితే గానీ పింఛను లేదు. ఆ అమ్మాయి కార్డు తిప్పి చూసి లెక్కేసింది. కార్డు ప్రకారం అవ్వకూ ఆమె పెద్దకొడుక్కూ ఎనిమిదేళ్లే తేడా! మరుసటి రోజు జట్టంతా చెత్తబుట్టల ర్యాలీకి పోతే, ఈ పిల్ల అవ్వను వెంటబెట్టుకుని మండలానికి పోయింది. ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితమే గానీ, మా ఊరికి బస్సు రోజుకు రెండు మార్లే. క్యూలో నిలబడి, ‘వయసు రుజువు ఏదమ్మా’ అనిపించుకుని, బడి మొహం చూడని మనిషికి రుజువు ఎక్కడ పుడుతుందో తెలియక, చీకటి పడ్డాక ఆటోలో తిరిగొచ్చారు. పని కాలేదు. ఇంకా కాలేదు. ఆ రోజు తమరిలో ఏం రాయాలో ఆ పిల్లకు తోచలేదు. ‘ఆధార్‌పై అవగాహన’ అని రాసిందట. ఫొటో ఏదని అడిగితే లేదు. అక్కడ ఫొటో తీసుకోవాలని ఆమెకు గుర్తే రాలేదు. ఆ రోజు లెక్కలోకి రాలేదు. ఆ పిల్ల ఇప్పటికీ అవ్వ మనవడికి ఫోన్ చేసి, కాగితం ఎంతవరకు వచ్చిందని కనుక్కుంటూనే ఉంది. ఆ ఫోన్లు ఏ గడిలో రాసుకుంటుందో తమరే చెప్పాలి.

మీ పెద్దాయన ఎన్ఎస్ఎస్ పుట్టిన 1969లోనే పేదల కోసం పనిచేసిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ మా అనంతపురానికి వచ్చారు. 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన ఎన్ని గంటలు పనిచేశారని ఈ జిల్లాలో ఎవరినడిగినా చెప్పలేరు. ఆయన స్థాపించిన ఆర్డీటీ సంస్థ కట్టిన ఇళ్లు మాత్రం ఏ ఊరికి పోయినా వేలు పెట్టి చూపిస్తారు. ఫెర్రర్‌గారిని, పద్దెనిమిదేళ్ల పిల్లలను ఒకే తూకంలో వేయడం అన్యాయమే, ఒప్పుకుంటాను. పోలిక పిల్లలతో కాదు, తమరితో.

ఇక మా కోరికలు. ఈ ఏడు తమరు మేలో కాకుండా జూన్ ఆఖర్లో రండి. కాలేజీ క్యాలెండర్ ఒప్పుకోదంటారు, మాకు తెలుసు, అయినా అడుగుతున్నాం. విత్తే రోజుల్లో వస్తే ఆదాయం గడి ఎందుకు నిండదో పిల్లలకు మేము చెప్పక్కర్లేదు. మొక్కలు నాటే కార్యక్రమం పెడితే ఈసారి పాత గుంతలోనే నాటండి. మూడు కాలేజీలు ఫొటో దిగిన గుంత అది, దానికి అలవాటే. నీళ్లు పోసే బాధ్యత మాత్రం ఊరికి అప్పజెప్పి పోవద్దు, నీటి పొదుపు మాకు తమరే నేర్పారు. ‘లెర్నింగ్ అవుట్‌కమ్’ పక్కన ఊరికి కూడా ఒక గడి పెట్టండి, అది మేమే తెలుగులో నింపుకుంటాం.

ముఖ్యమైనది ఒకటి. పోయేముందు రిపోర్టు కాపీ ఒకటి మా సచివాలయంలో పెట్టి పోండి. మర్రిచెట్టు కింద అవ్వకు ఎవరైనా చదివి వినిపిస్తారు. జిరాక్స్ ఖర్చు మేమే పెట్టుకుంటాం. రంగుల ప్రింటు అక్కర్లేదు. కొబ్బరి తోటల పేజీలు తీసేసి ఇచ్చినా సరే.

ఇట్లు,
నెలకు పదివేల ఆదాయం గల
తమ దత్తత గ్రామస్తుడు