వాడేసిన బొగ్గు ఎక్కడికి పోవాలి?

బయోచార్ మురుగునీటిని శుభ్రం చేస్తుందా అంటే, చేస్తుంది, అందులో మాకు అనుమానం లేదు. ఊక, రంపపు పొట్టు, కొబ్బరి చిప్పలు, ఎండిన పేడ, ఏదైనా సరే, గాలి దాదాపు ఆడకుండా 300 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వేడిలో మగ్గబెడితే బూడిద కాకుండా బొగ్గు మిగులుతుంది, అదే బయోచార్. ఆ బొగ్గు నిండా కంటికి కనిపించని కన్నాలే. మంచిదైతే ఒక్క గ్రాములో వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది, మాలిన్యాలు వచ్చి ఆ గోడలకు అతుక్కుంటాయి. నీలిరంగు కలిపిన నీళ్ల సీసాలో చెంచాడు పొడి వేసి బాగా ఊపి, కాసేపు ఉంచి వడకడితే నీళ్లు తేటగా దిగుతాయి. చూసినవాళ్లకి ఇంక అడగడానికి ఏముంటుంది?

చాలా ఉంది. ఆ సీసాలో ఉన్నది ఒక్క రంగే. అసలు మురుగులో సబ్బు, నూనె, ఉప్పు, మందుల అవశేషాలు, లోహాలు అన్నీ ఒకే చోటు కోసం పోటీ పడతాయి, అందుకే ల్యాబులో వచ్చిన అంకె కాలువ దగ్గర రాదు. పైగా అన్ని బొగ్గులూ ఒకటి కావు. తక్కువ వేడిలో చేసినది సీసం, కాడ్మియం లాంటి లోహాలను బాగా పట్టుకుంటే, ఎక్కువ వేడిలో చేసినది రంగులు, మందుల లాంటి సేంద్రియ పదార్థాలకు పనికొస్తుంది. ఫాస్ఫేటు, ఆర్సెనిక్ సంగతి వేరు. బయోచార్ మీదా, వాటి మీదా సాధారణంగా రుణావేశమే ఉంటుంది, అవి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి కాబట్టి ఇనుము లాంటి లోహపు లవణాలు పట్టించిన బొగ్గు కావాలి.

మా అసలు టెన్షన్ మాత్రం ఆ తర్వాతి సంగతి గురించి. బొగ్గు సీసం లాంటి లోహాన్ని మాయం చేయదు, తన దగ్గర దాచుకుంటుందంతే. ఫిల్టర్‌లోని బొగ్గు కన్నాలు నిండిపోయాక సీసం నీళ్లతో పాటు అలాగే కిందికి దిగిపోతుంది, నీళ్లలో కరిగిన దానికి రంగు లేదు, వాసన లేదు, ఫిల్టర్ పని మానేసిందని ఎవరికీ తెలియదు. ఇక నిండిపోయిన బొగ్గును "సేంద్రియం కదా" అని పొలంలో చల్లితే నీటిలోంచి తీసిన విషాన్ని మన చేతులతోనే మట్టిలో కలిపినట్టు. కాల్చేద్దామంటే కాడ్మియం పొగలో కలిసి పైకి లేస్తుంది. పోషకాలు మాత్రమే పట్టుకున్న బొగ్గయితే పరీక్ష చేయించి పొలానికి వాడుకోవచ్చు, మందుల అవశేషాలు పట్టినదాన్ని మళ్లీ గట్టిగా వేడిచేసి తిరిగి వాడుకునే వీలుంది. లోహాలు పట్టినది మాత్రం ప్రమాదకర వ్యర్థమే, అలాగే చూడాలి.

కాబట్టి ఫిల్టర్ పెడతామని వచ్చేవాళ్లని మేము అడిగేవి ఇవే: ఏ మాలిన్యం కోసం ఈ బొగ్గు, బయటికొచ్చే నీటిని ఎన్ని రోజులకోసారి పరీక్షిస్తారు, నిండిన బొగ్గును ఎవరు, ఎక్కడికి తీసుకెళ్తారు? మొదటి బస్తా దించకముందే ఈ మూడింటికీ జవాబులు కాగితం మీద ఉండాలి, ఆ ఖర్చు కూడా అంచనాలో కలపాలి.