సోనిక్స్ పోయిన ఊళ్ళో ఉగాది

మన సియాటిల్ తెలుగు సంఘం మొన్న చేసిన ఉగాది వేడుక మీద వాట్సాప్ గ్రూపులో ఇంకా పొగడ్తలు ఆగలేదు. ఈస్ట్‌సైడ్‌లో పెద్ద హోటల్ హాలు, గోడంత ఎల్.ఇ.డి. తెర, కారు దిగితే తాళం తీసుకెళ్ళి పార్క్ చేసే కుర్రాళ్ళు. బాగుంది, నేను కాదనను. ముందు బల్లలన్నీ స్పాన్సర్లకి ఇచ్చారు కనక నాకు తెర సగమే కనిపించింది, అది వేరే సంగతి. నన్ను గుచ్చింది పచ్చడి.

ఇదివరకు, సియాటిల్‌కి దక్షిణాన రెంటన్ స్కూలు జిమ్‌లో ఉగాది జరిగినన్నాళ్ళూ పచ్చడి కలిపింది కెంట్‌లో ఉండే మన పిన్నిగారు. పేరు చెప్పక్కర్లేదు, ఆవిడ పచ్చడి తినని పాత మెంబరు లేరు. ఇండియా నుంచి ఎవరు వస్తున్నా ఎండబెట్టిన వేపపువ్వు పొట్లం ఒకటి తెప్పించుకుని, పుల్లలు ఏరి, హార్లిక్స్ సీసాలో దాచి, పండగనాడు పొద్దున్నే కలిపి స్టీలు బకెట్టుతో తెచ్చేవారు. ఈసారి ఆవిడకి "బయటి తిండి హోటల్లోకి రానివ్వరు" అని మెసేజ్ వెళ్ళింది. కేటరర్ చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో పోసిన పచ్చడిలో మామిడి ముక్కలున్నాయి, బెల్లం ఉంది, వేపపువ్వు లేదు. అలాంటిదాన్ని మా ఊళ్ళో పానకం అంటారు.

పిన్నిగారు రాలేదు. కెంట్, ఫెడరల్ వే వైపు నుంచి వచ్చిన పాతకాపులు రెండు బల్లలకి కూడా సరిపోలేదు. రాత్రిపూట వానలో 405 హైవే మీద అంతదూరం పెద్దవాళ్ళెలా వస్తారని ఒక కుర్ర కమిటీ మెంబర్ని అడిగాను. మర్యాదస్తుడే. "నో టెన్షన్ అంకుల్, వచ్చే ఏడాది ఉబర్ బుక్ చేసేద్దాం. ఎక్కడ చేస్తే ఏముందండీ, ఉగాది ఉగాదే కదా" అన్నాడు.

ఈ మాట నేను ఈ ఊళ్ళో ఇంతకుముందు ఒకసారి విన్నాను. అప్పుడది బాస్కెట్‌బాల్ గురించి.

2008 తర్వాత ఇక్కడికి వచ్చినవాళ్ళకి మన ఊరి పాత బాస్కెట్‌బాల్ జట్టు సియాటిల్ సూపర్‌సోనిక్స్, ముద్దుగా సోనిక్స్, అంటే ఆకుపచ్చ, పసుపు రంగు టీషర్టు మీది బొమ్మ. మాలాంటి బోయింగ్ వాళ్ళకి అది ఇంటి వ్యవహారం. 1966 ఆఖర్లో అమెరికా ప్రభుత్వం ధ్వనికంటే వేగంగా పోయే ప్రయాణికుల విమానం తయారుచేసే పని బోయింగ్‌కి అప్పజెప్పింది. 1967లో ఊళ్ళోకి కొత్త బాస్కెట్‌బాల్ జట్టు వస్తే దానికి ఆ విమానం పేరే పెట్టారు. 1971లో కాంగ్రెస్ డబ్బు ఆపేసింది. విమానం గాల్లోకి లేవనేలేదు, వేలమందికి ఉద్యోగాలు పోయాయి, "ఊరు వదిలే ఆఖరి మనిషి లైట్లు ఆర్పి వెళ్ళండి" అని రోడ్డు పక్కన బోర్డు కూడా పెట్టారు. జట్టు మాత్రం ఎగరని విమానం పేరుతో నలభై ఒక్క సీజన్లు ఆడింది.

1978 ఫైనల్స్‌లో వాషింగ్టన్ బుల్లెట్స్ చేతిలో ఏడో మ్యాచ్‌లో ఓడి, 1979లో అదే బుల్లెట్స్‌ని 4-1తో ఓడించి ఛాంపియన్ అయింది. కోచ్ లెన్నీ విల్కెన్స్, ఫైనల్స్‌లో మేటి ఆటగాడు డెన్నిస్ జాన్సన్. అదంతా మా సీనియర్లు మాకు వినిపించిన కథ. నేను కళ్ళారా చూసింది 1996 జట్టుని. గ్యారీ పేటన్, షాన్ కెంప్, సీజన్లో 64 విజయాలు, ఫైనల్లో ఎదురుగా మైకేల్ జోర్డాన్ బుల్స్. మొదటి మూడూ ఓడి, తర్వాత రెండు గెలిచి, ఆరోది ఓడారు. ఆ రెండు గెలుపుల మర్నాడు మా రెంటన్ ఫ్యాక్టరీలో పని ఎంత జరిగిందో మా మేనేజరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

తర్వాత కథ డబ్బు కథ. 2001లో స్టార్‌బక్స్ కాఫీ షాపుల హోవర్డ్ షుల్ట్స్, మరికొందరు కలిసి జట్టుని 20 కోట్ల డాలర్లకి కొన్నారు. సోనిక్స్ ఆడే కీ అరీనాని 1995లో అంత ఖర్చుతో తిరగకట్టి పదేళ్ళు తిరిగాయో లేదో, మళ్ళీ ప్రజల డబ్బుతో పెంచమన్నారు. రాష్ట్ర రాజధాని ఒలింపియాలో శాసనసభ్యులు ఒప్పుకోలేదు. 2006లో షుల్ట్స్ ఓక్లహోమా సిటీకి చెందిన క్లే బెనెట్ బృందానికి 35 కోట్లకి అమ్మేశారు. ఇక్కడే ఉంచే ప్రయత్నం చేస్తామని కొత్త యజమానులు మాటిచ్చారు. మా రెంటన్‌లోనే 50 కోట్ల డాలర్ల అరీనా కడతామన్నారు, అందులో పెద్ద భాగం ప్రజలే పెట్టుకోవాలన్నారు. అదీ కుదరలేదు. 2007 ఆగస్టులో ఆ యజమానుల్లో ఒకాయన, ఆబ్రీ మెక్‌క్లెండన్, సియాటిల్‌లో ఉంచడానికి మేం జట్టుని కొనలేదని పత్రిక వాళ్ళతో అనేశాడు. నిజం చెప్పినందుకు ఎన్.బి.ఎ. లీగ్ ఆయనకి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది.

2008 ఏప్రిల్ 13న ఆఖరి హోమ్ మ్యాచ్ డాలస్‌తో. ఆ రోజుల్లో మా మామగారు భీమవరం నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. పెద్దబ్బాయి పట్టుబడితే ముగ్గురం వెళ్ళాం. మామగారు మంకీ క్యాప్, నా పాత జాకెట్, కింద పంచె. క్వీన్ ఆన్ కొండమీద కారు పెట్టి దిగుతుంటే దారిపొడుగునా ఆకుపచ్చ చొక్కాలవాళ్ళు ఆయనకి చేతులు ఊపారు, ఈయన అందరికీ నమస్కారాలు పెట్టుకుంటూ నడిచారు. ఆ ఏడు జట్టు దిక్కుమాలిన జట్టు, 82 మ్యాచ్‌ల్లో 20 గెలిచింది. కానీ ఆ రాత్రి 99-95తో గెలిచారు. "సేవ్ అవర్ సోనిక్స్" అని హాలు హాలంతా అరుస్తుంటే, మొదటి ఏడాది కుర్రాడు కెవిన్ డ్యూరాంట్ రెండు చేతులూ పైకి ఊపుతూ ఇంకా అరవమని సైగ చేశాడు. మా వరసలో అరవై దాటిన ఒక పెద్దమనిషి భోరున ఏడుస్తున్నాడు.

మామగారు నా వైపు వంగారు. "గెలిచారా, ఓడారా అల్లుడుగారూ?"

"గెలిచారు మామయ్యగారూ."

"మరి ఏడుపు దేనికి?"

"జట్టు వేరే ఊరు వెళ్ళిపోతోందండి. ఓక్లహోమా."

"ఆటగాళ్ళు వెళ్తే వెళ్ళనీ, వేరేవాళ్ళని పెట్టుకోరా?"

ఆటగాళ్ళు కాదు, జట్టే వెళ్తుందని, దానికో యజమాని ఉంటాడని, ఆయన దాన్ని ఊరు మార్చుకోవచ్చని చెప్పడానికి ఇంటికొచ్చేదాకా పట్టింది. ఆయన కుర్రతనంలో వాళ్ళ ఊరి కబడ్డీ జట్టులో ఆడినవాడు. ఊరి జట్టుని ఇంకో ఊరికి అమ్మడం ఆయన బుర్రకి ఎక్కలేదు. చివరికి, "అయితే ఆ ఓక్లహోమాలో మనవాళ్ళున్నారా?" అని అడిగి పడుకున్నారు.

ఆ తర్వాత ఐదు రోజులకే ఐ.పి.ఎల్. మొదలైంది, హైదరాబాద్‌కి డెక్కన్ ఛార్జర్స్ వచ్చింది. 2009లో కప్పు గెలిచిన ఆ జట్టు 2012లో రద్దయిపోయింది. పేరు పోయింది గానీ వెంటనే సన్‌రైజర్స్ వచ్చింది, ఉప్పల్‌లో ఆట ఆగలేదు. మాకు ఆట పోయి పేరు మిగిలింది. కీ అరీనా లీజు 2010దాకా ఉందని నగరం వేసిన కేసు మీద తీర్పు రావలసిన రోజే, 2008 జూలై 2న, రాజీ పడ్డారు. లీజు తెంచుకున్నందుకు జట్టు 4.5 కోట్ల డాలర్లు కట్టింది. సోనిక్స్ పేరు, రంగులు ఎప్పటికైనా వచ్చే కొత్త జట్టుకోసం సియాటిల్‌కి వదిలేశారు, 1979 ట్రోఫీ ఈ ఊళ్ళోనే ఉంది. చరిత్ర మాత్రం ఉమ్మడి అన్నారు. అందుకే 2025లో, ఇక్కడినుంచి వెళ్ళి పేరు మార్చుకున్న ఆ జట్టు, ఓక్లహోమా సిటీ థండర్, గెలిచినప్పుడు అది మొదటి కప్పా, రెండోదా అని మా ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య వాదన నడిచింది. నా లెక్కలో మొదటిది.

ఇప్పుడు ఓక్లహోమా పక్షం కూడా చెప్పాలి, లేకపోతే ధర్మం కాదు. కత్రినా తుపాను తర్వాత న్యూ ఆర్లీన్స్ హార్నెట్స్ రెండు సీజన్లు అక్కడ తలదాచుకుంటే ఆ ఊరు హాళ్ళు నింపింది. 2008 మార్చిలో తమ అరీనా బాగుకోసం అమ్మకపు పన్ను కట్టడానికి ఓటు వేసింది. సియాటిల్ ఏం చేసింది? 2006 నవంబరులో, అరీనా మీద నగరం పెట్టే డబ్బుకి కనీసం ట్రెజరీ బాండ్లంత రాబడి రాకపోతే పెట్టొద్దని పెద్ద మెజారిటీతో తీర్మానించింది. నేనూ దానికే ఓటేశాను, ఇప్పుడడిగినా అదే వేస్తాను. కోటీశ్వరుడి హాలుకి నా పన్ను ఎందుకు? కానీ పైసా పెట్టం, జట్టు మాత్రం కదలకూడదు అంటే వినేవాడు ఎవడు? 2013లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కింగ్స్ జట్టుని కొని ఇక్కడికి తేబోయినప్పుడు అక్కడి పిల్లలు ఏమైపోతారని మన ఊళ్ళో ఎవరికీ నిద్ర పట్టకుండా పోలేదు. లీగ్‌లోని జట్ల ఓనర్లు 22-8తో కాదన్నారు కనక ఆ పాపం మనకి అంటలేదు.

మన సంఘం సంగతీ అంతే. రెంటన్, కెంట్ వైపు సౌత్ ఎండ్ వాళ్ళం మెంబర్‌షిప్ రెన్యూ చేయం. నలుగురికి టికెట్లు కొని ఆరుగురం వస్తాం. ఆరింటికి కార్యక్రమం అంటే ఏడున్నరకి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ దిగుతాం, భోజనాల దగ్గర మాత్రం ముందుంటాం, కుర్చీలు మడిచేవేళకి అందరికీ నడుం నొప్పి. ఖర్చు స్పాన్సర్లు భరిస్తే వాళ్ళ బల్ల ముందుకి వస్తుంది, తప్పదు. కొత్త కుటుంబాలు ఈస్ట్‌సైడ్ వైపు సమామిష్‌లో, బాథెల్‌లో ఉన్నాయి. వాళ్ళ పిల్లల డాన్స్ ఐటమ్‌లే ప్రోగ్రామ్‌లో మూడొంతులు. కమిటీ జనం ఉన్నచోటికి వెళ్ళింది. అసలు మనమే ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళం, ఊరు మారినవాడిని తప్పుపట్టే మొహం మనకెక్కడిది?

అయినా నాకా జిమ్ అంటే ప్రేమ. స్టేజీ వెనక బాస్కెట్‌బాల్ హూప్‌కి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం కట్టేవాళ్ళం, ఏటా కస్టోడియన్ వచ్చి విప్పించేవాడు, ఆయన వెళ్ళాక మళ్ళీ కట్టేవాళ్ళం. కూచిపూడి పిల్లల గజ్జెలు ఆ చెక్క నేల మీద మోగినట్టు కార్పెట్ మీద మోగవు. చల్లారిపోయిన పులిహోర, మధ్యలో పోయే మైకు, పంచాంగ శ్రవణంలో వృశ్చికరాశి వాళ్ళ గోల, ఒక్కటీ సవ్యంగా ఉండేది కాదు. అవే ఇప్పుడు నా కళ్ళముందు మెదులుతున్నాయి. ఆలస్యంగా వచ్చేవాళ్ళని ఇప్పుడే తిట్టాను గదా, నిజానికి ఆ గంటన్నరలోనే గుమ్మం దగ్గర సంబంధాలు కుదిరేవి, ఉద్యోగాలు దొరికేవి.

కొందరు యువకులు అంటారు, ఊరితో పనేముంది, జట్టుంటే చాలని. మన సియాటిల్ ఓర్కాస్ క్రికెట్ జట్టునే చూడండి. 2023 మొదటి సీజన్‌లో మ్యాచ్‌లన్నీ టెక్సస్‌లో, నార్త్ కరొలైనాలో. టీవీలో చూశాం, చప్పట్లు కొట్టాం. కానీ పక్కనున్న ముక్కూమొహం తెలియని పెద్దమనిషి ఏడిస్తే భుజం మీద చెయ్యి వెయ్యడానికి టీవీ ముందు ఎవరుంటారు? సోనిక్స్‌తోపాటు ఈ ఊరి ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు స్టార్మ్‌ని కూడా బెనెట్ బృందమే కొంది. దాన్ని మాత్రం 2008లో నలుగురు ఊరి ఆడవాళ్ళు కోటి డాలర్లకి విడిగా కొని ఇక్కడే నిలబెట్టారు. ఆ తర్వాత అది మూడు కప్పులు తెచ్చింది. మొత్తం తిరిగి రావాలని ఎదురుచూస్తూ కూర్చోకుండా, చేతికందినదాన్ని పట్టుకున్నారు వాళ్ళు.

కనక నేను ఉగాదిని వెనక్కి ఇమ్మనడం లేదు. ఈస్ట్‌సైడ్‌లోనే చేసుకోండి, తెర ఇంకా పెద్దది పెట్టుకోండి. సంక్రాంతి ఒక్కటి రెంటన్ జిమ్‌కి రాసివ్వండి. ఏటేటా చర్చ లేకుండా, బైలాస్‌లో. భోగిపళ్ళకి, ముగ్గులకి ఎల్.ఇ.డి. అక్కర్లేదు. పాత ఆల్బమ్‌లు, మొదటి బ్యానరు ఎవరి గరాజ్‌లో ఉన్నాయో కనుక్కుని అక్కడే పెడదాం. వచ్చే ఉగాదికి హాలు బుక్ చేసేముందు పిన్నిగారి బకెట్టు ఒక్కదానికి అనుమతి ఇస్తారా అని హోటల్ వాళ్ళని అడగండి. ఇవ్వకపోతే ఇచ్చే హాలు చూడండి.

జనరల్ బాడీలో ఈ తీర్మానం నేనే పెడతాను. బలపరచడానికి ఇంకో మెంబరు కావాలి, అదీ ఈ ఏడు చందా కట్టిన మెంబరు. రెంటన్ మిత్రులారా, ముందు ఆ చెక్కు రాయండి. జిమ్‌కి దరఖాస్తు నేను నింపుతాను, ఇన్సూరెన్స్ కాగితం కమిటీ ఇవ్వాలి. కుర్చీలు వెయ్యడానికి వచ్చేవాళ్ళు పేర్లు ఇప్పుడే పంపితే మంచిది. మడవడానికి కూడా ఉండేవాళ్ళయితే మరీ మంచిది.