ఈ-1027 ఇల్లు లె కార్బూజియే కట్టింది కాదండి

ఫ్రాన్స్ దక్షిణ తీరంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఈ-1027 అనే ఓ తెల్లటి ఇంటి ఫోటో తెగ తిరుగుతోంది, "చండీగఢ్ డిజైన్ చేసిన లె కార్బూజియే కట్టిన ఇల్లు, ఐలీన్ గ్రే అనే ఐరిష్ ఆవిడ లోపల ఫర్నిచర్ మాత్రమే చేసింది, ఆర్కిటెక్చర్ డిగ్రీ కూడా లేదు, ఆ తర్వాత ఇంకేమీ కట్టలేదు" అని. ఇందులో డిగ్రీ లేదన్నదొక్కటే నిజం.

ముందు కట్టిందెవరంటే, ఐర్లండ్‌లో పుట్టి 1902లో పారిస్ వచ్చి, తర్వాత అక్కడే స్థిరపడిపోయిన గ్రే. 1926 నుంచి 1929 దాకా ఆ తీరంలోనే ఉన్న ఊరు రోక్‌బ్రూన్‌లో ఆ కొండవాలు మీదే ఎక్కువ కాలం ఉండి, ఎండ ఎటు పడుతుంది, గాలి ఎటు వీస్తుంది చూసుకుంటూ కట్టించింది. స్థలం రొమేనియా నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్ జాన్ బదోవిచి పేరు మీద ఉండేది, ఆయన సలహాలూ ఉన్నాయి. 1929లో ఆయన నడిపే ఆర్కిటెక్చర్ పత్రికే ఈ ఇంటి మీద ప్రత్యేక సంచిక వేసి ఇద్దరి పేర్లూ ఇచ్చింది. మరి కార్బూజియే ఏం చేశాడు? 1938, 39ల్లో ఆవిడనడక్కుండా ఆ గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశాడు, ఒంటి మీద నూలుపోగు లేకుండా బొమ్మలేస్తున్న ఫోటో కూడా ఉంది. ఆవిడ చాలా నొచ్చుకుంది. ఆయన ఆ పక్కనే కట్టుకున్నది చిన్న చెక్క గది, అది కూడా 1950ల్లో. ఇంటి మీద బొమ్మలేసినాయన ఇల్లు కట్టినాయన ఎలా అవుతాడు?

డిగ్రీ సంగతంటారా, కార్బూజియేకీ ఆర్కిటెక్చర్ డిగ్రీ లేదు, ఆయన్నెవరూ ఆ మాట అడగరు, ఆవిడ దగ్గరకొచ్చేసరికే గుర్తొస్తుంది, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

"ఫర్నిచర్ మాత్రమే" అనేవాళ్ళు ఆ ఇంట్లోని గుండ్రటి గ్లాస్ టేబుల్ ఒక్కటి చూడండి. స్టీల్ గొట్టాలు, కాలు ఒక పక్కనే ఉంటుంది, అడుగున రింగు మంచం కిందకి దూరిపోతుంది, గొలుసుకి కట్టిన పిన్ను తీసి ఎత్తు మార్చుకుంటే పడుకునే కాఫీ తాగొచ్చు. గెస్ట్ రూమ్ అద్దానికి ఇంకో బుల్లి అద్దం మడత చెయ్యితో ఉంటుంది, తల వెనక కూడా కనబడేలా. మంచం, కిటికీ, మనిషి చెయ్యి అందే దూరం అన్నీ కలిపి ఆలోచించింది కాబట్టే ఆ ఇల్లు అలా ఉంది, గోడలొకరివి సామానొకరివి అని విడదీయలేం.

ఇక ఆ తర్వాత ఏమీ కట్టలేదన్నదీ తప్పే. 1930ల్లో దక్షిణ ఫ్రాన్స్‌లోనే మాంతోన్ ఊరి దగ్గర కాస్తెలార్‌లో తన కోసం టాంప్ అ పైయా అనే ఇల్లు, డెబ్బై దాటాక 1954లో మొదలుపెట్టి సాన్ త్రోపే దగ్గర ఇంకోటి. 1976లో పోయేదాకా పనిలోనే ఉంది.

దయచేసి ఆ ఫోటో పెట్టేటప్పుడు కింద ఐలీన్ గ్రే, జాన్ బదోవిచి అని రాయండి, ఇప్పటికే పెట్టినవాళ్ళు ఎడిట్ చేయండి.