మినిమైజ్ కొడితే కిందికి జారే పట్టీ గారికి ఒక ఫిర్యాదు

తిరుపతి.

మహారాజశ్రీ జారుడు పట్టీ గారికి,

బస్టాండు వెనక సందులో జెరాక్స్, నెట్ పని చేసే ఒక అంగడి నుంచి రాస్తున్నాను. మిమ్మల్ని ఇక్కడ పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడూ లేడు కాబట్టి ఈ పేరు నేనే పెట్టాను, ఏమనుకోకండి. మా పాత మిషన్లలో విండో మూలన ఉన్న చిన్న గీత మీద క్లిక్ చేయగానే, విండో నెత్తిన పేరుండే టైటిల్ బార్ ఒక్కటే విడివడి, పొట్టిదవుతూ, కింద టాస్క్‌బార్‌లో తన బటన్ దాకా జారిపోతుంది కదా, ఆ పట్టీ మీరే. 1995లో విండోస్ 95తో పాటు డ్యూటీలో చేరారు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క ప్రమోషన్ అడగలేదు. మీ మీద నా మొదటి అభియోగం ఇదే.

మీ వెనక వచ్చినవాళ్లు ఎలా బతికారో చూడండి. 2001లో మ్యాక్‌లోకి ఒకాయన దిగాడు. విండో విండోనంతా కింది అంచు దగ్గర నులిమి, సాగదీసి, డాక్ అనే కింది బొమ్మల వరసలోకి పీల్చేసేవాడు. అది చూడ్డానికే జనం ఊరికే మినిమైజ్ కొట్టేవాళ్లు. 2006లో లైనక్స్ వాళ్లకు కాంపిజ్ అనే విండోల సోకు ప్రోగ్రాం వచ్చింది. పట్టుకుని లాగితే విండో వంకర్లు పోతూ ఊగేది, డెస్క్‌టాప్ మొత్తం పాచికలాంటి ఘనమై గిరగిరా తిరిగేది. దానివల్ల ఏ పని తెమిలిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదనుకోండి. 2007లో విండోస్ విస్టాతో ఏరో అనే కొత్త వేషం దొరగారు గాజు అంచులు వేసుకుని వచ్చారు. ఆయన అడుగు పెట్టాలంటే బొమ్మలు గీయించే డైరెక్ట్‌ఎక్స్ 9 తెలిసిన గ్రాఫిక్స్ ఉండాలి, కొత్త రకం డ్రైవర్ ఉండాలి. లేకపోతే గాజు లేదు పొమ్మన్నారు. జనం పరుగెత్తి కార్డులు కొన్నారు. అడిగినవాడికే మర్యాద.

మీరేం అడిగారు? ఏమీ అడగలేదు. మదర్‌బోర్డులోనే అతికించిన చవక గ్రాఫిక్స్ చాలన్నారు. వాళ్ల పద్ధతిలో ప్రతి విండో బొమ్మనూ విడివిడిగా మెమరీలో దాచుకుని, అన్నిటినీ కలిపి తెర మీద పరచాలి. 1024×768 తెర నిండా ఒక విండో తెరిస్తే, చుక్కకు 4 బైట్లు చొప్పున దాని బొమ్మకే 3 ఎంబీ. పది విండోలుంటే లెక్క మీరే కట్టుకోండి. మా పాత మిషన్లలో ఆ దాపరికం లేదు. ఉన్న తెర ఒక్కటే, అందరూ దాని మీదే నేరుగా గీయాలి. పైనున్న విండో పక్కకు జరిగితే కింద బయటపడిన భాగాన్ని ఎవరిది వాళ్లే మళ్లీ గీసుకోవాలి. ఎవరైనా హ్యాంగై పడుంటే లాగిన దారి పొడుగునా మరకలే. అందుకే మీరు విండోను మొత్తంగా మోసుకుపోకుండా పట్టీ ఒక్కటే పట్టుకుని పోతారు. తెలివైన పనే, కాదనను. కానీ ఈ కాలంలో తెలివిని పొదుపుగా వాడితే పిసినారి అంటారు.

మీ వంశమే అంత. 1984 నాటి మ్యాకింటాష్‌లో ఫోల్డర్ తెరిస్తే చుక్కల గీతల పెట్టెలు ఒకదాని వెంట ఒకటి పెద్దవవుతూ వచ్చేవి. అవి గీసే ఉపాయం చూస్తే నవ్వొస్తుంది. నల్లదాన్ని తెల్లగా, తెల్లదాన్ని నల్లగా తిప్పుతూ గీత గీయడం, అదే గీతను అదే చోట రెండోసారి గీయడం. కింద ఉన్నది ఉన్నట్టే తిరిగొస్తుంది. తుడిచే పని లేదు, దాచే పని లేదు. మీ దాయాదుల్లో కాస్త సరదా ఉన్నది లైనక్స్‌లో విండోలను నడిపించే విండో మేకర్ అనే ప్రోగ్రాం వాళ్లకే. లోపల ఏమీ లేని గీతల పెట్టెలతోనే గిరికీలు తిరిగేవాళ్లు, పల్టీలు కొట్టేవాళ్లు.

రెండో అభియోగం: మా మెకానిక్ నుంచి మిమ్మల్ని మీరు కాపాడుకోలేకపోయారు.

ఆ కుర్రాడు మంచివాడే. కంప్యూటర్ స్లో అని ఫోన్ చేస్తే టీ తాగి వస్తాడు. బ్రౌజర్‌లో వరసగా తెరిచిపెట్టిన ట్యాబులు చూడడు. వెనకాల యాంటీవైరస్ డిస్కును గీరుతున్న చప్పుడు వినడు. సిస్టమ్ ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్‌లోకి పోయి, పెర్ఫార్మెన్స్ కింద 'బెస్ట్ పెర్ఫార్మెన్స్' అన్న చుక్క మీద నొక్కుతాడు. టిక్కులన్నీ ఒక్కసారిగా రాలిపోతాయి. మీ పీక ముందు తెగుతుంది. మీతో పాటు అక్షరాల అంచులు నునుపు చేసే టిక్కూ పోతుంది. అప్పుడు చూడాలి ఫోల్డర్ల కింద తెలుగు పేర్లు! ఒత్తులు, వట్రుసుడులు ఎలకలు కొరికినట్టు బయటపడతాయి. కుర్రాడు చేతులు దులుపుకుని "ఇంక జెట్టు స్పీడన్నా" అంటాడు, డబ్బులు తీసుకుంటాడు. యాంటీవైరస్ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

మీరు తినేది రెప్పపాటు. అదైనా పని చేస్తూనే తింటారు. ఆ సంగతి మీ టిక్కు రాలిన రోజు సాయంత్రమే తెలిసింది. చంద్రగిరి నుంచి ఒక అవ్వ, మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. వాడి ఈఏపీసెట్ అప్లికేషన్. ఫీజు కట్టేశాం, వివరాలు సగం నింపాం. ఫోటో ఏ ఫోల్డర్‌లో పెట్టానో చూద్దామని ఫారాన్ని మినిమైజ్ చేశాను. మీరు లేరు కదా. ఫారం ఉన్నట్టుండి మాయం. వెనకున్న నీలం తెర ఒక్కటే మిగిలింది.

"అయ్యో, పాయెనా నాయనా! దుడ్లు గూడా కట్టేస్తిమే!"

"యాడికీ పోలేదవ్వా, కిందుంది."

"కిందంటే యాడ?" అని ఆమె నిజంగానే వంగి టేబుల్ కిందికి చూసింది. మనవడు సిగ్గుతో ఫోన్‌లో తల దూర్చాడు. బటన్ నొక్కి ఫారం మళ్లీ పైకి తెచ్చి చూపించినా ఆమెకు నమ్మకం కుదరలేదు. పని ముగిసేదాకా మౌస్ మీదికి నా చెయ్యి పోతే చాలు, "మళ్లీ పోగొట్టొద్దు నాయనా" అంటూనే ఉంది.

గరుడసేవ నాడు మాడవీధుల్లో శ్రీవారి సేవకులు మెడలో కండువాతో నిలబడి, మాటైనా ఆడకుండా చెయ్యి చాపి దారి చూపిస్తుంటారు. మీదీ అదే ఉద్యోగం. మీరు పట్టీని కిందికి జార్చి ఉంటే అవ్వ కళ్లు దాని వెంటే టాస్క్‌బార్ దాకా పోయేవి. మా మెకానిక్ దృష్టిలో మాత్రం అది అలంకారం. అసలు అలంకారాలకేమో ఊరంతా కార్డులు కొనిపెట్టింది.

విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో మీ బతుకంతా 'మిన్‌యానిమేట్' అనే ఒక్క విలువ. 1 ఉంటే ఉన్నట్టు, 0 ఉంటే లేనట్టు. పెద్దవాళ్ల సంగతి వేరే. విండోస్ 8 వచ్చాక ఆ విండోలన్నిటినీ కలిపి పరిచే పెద్దమనిషిని తీసేసే వీలే లేదు, మెకానిక్ తలకిందులైనా కుదరదు. మీకు ఆ భద్రత ఎవరిస్తారు?

అందుకే నా విన్నపం. రేపటి నుంచి మీరు కూడా ఏదో ఒకటి డిమాండ్ చేయండి. 'ఈ పట్టీ జారాలంటే 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి' అని తెర మధ్యలో ఒక హెచ్చరిక పడేయండి. ఎర్ర రంగులో అయితే ఇంకా మంచిది. మా ఓనరు తిట్టుకుంటూనే కార్డు తెప్పిస్తాడు, వచ్చినవాళ్లందరికీ మిమ్మల్ని చూపించి చెప్పుకుంటాడు. కుర్రాడు మీ టిక్కు జోలికొస్తే "దుడ్లు పోసి కొన్నది, తాకొద్దు" అని చెయ్యి పట్టుకుని ఆపేస్తాడు. కార్డు మీకు అవసరం లేదన్న సంగతి మన ఇద్దరి మధ్యే ఉంటుంది.

ఇట్లు,
తలుపు పక్క కంప్యూటర్ ముందు కూర్చునే గుమాస్తా